ఓపెన్ కిచెన్ బొమ్మ గీసే ముందు పోపు ఘాటు ఎటు పోతుందో తేల్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుంటూరులో మీ అమ్మగారు 28 ఏళ్ళుగా మెస్ నడుపుతున్నారు. ఇప్పుడు హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో 4,200 చదరపు అడుగుల గ్రౌండ్ ఫ్లోర్ లీజుకు తీసుకున్నారు. అవే వంటలు, ఖరీదైన హంగుతో, ఓపెన్ కిచెన్‌తో, 110 సీట్లతో పెట్టాలనుకుంటున్నారు. ఆర్కిటెక్ట్ ఇచ్చిన 3డీ బొమ్మల్లో హాలు మధ్యలో ఐలాండ్ (ఏ గోడకీ ఆనకుండా విడిగా ఉండే దిమ్మె), దాని మీద పొయ్యిలు, పైన ఇత్తడి రంగు హుడ్ (పొగని పట్టి లాగే గొడుగు), చుట్టూ టేబుళ్ళు. రంగులు, లైట్లు, ఫర్నిచర్ విషయంలో ఏం జాగ్రత్తలు తీసుకోవాలని అడిగారు.

నేను 22 ఏళ్ళుగా హోటళ్ళకి కిచెన్లు, డైనింగ్ హాళ్ళు డిజైన్ చేస్తున్నాను. మీరు అడిగినవన్నీ చెబుతాను, కానీ మీరు అడగని సంగతితో మొదలుపెట్టాలి. ఆ హాల్లోకి గాలి ఎటు నుంచి వస్తుంది, ఎటు పోతుంది? ఓపెన్ కిచెన్ ఎక్కడ ఉండాలి, ఎంత తెరుచుకోవాలి, సీలింగ్ ఎంత ఎత్తులో ఉండాలి, టేబుళ్ళు ఎంత దూరంలో వేయాలి అన్నవి ఆ జవాబును బట్టే తేలతాయి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానో వినండి. పదేళ్ళ కిందట కోస్తాలో ఒక ఊళ్ళో రెస్టారెంటు చేశాను. చక్కటి టేకు ఫర్నిచరు, పాత మండువా ఇంటి స్తంభాలు, ఎదురుగా ఓపెన్ కిచెన్. బడ్జెట్ మించిపోతోందని ఓనరు, నేను కూర్చుని కొన్ని ఐటమ్స్ కొట్టేశాం. అందులో కిచెన్‌కి బయటి గాలి తెచ్చే మెషిన్ ఒకటి. ఎగ్జాస్ట్ పెద్దదే ఉంది కదా, సరిపోతుందిలే అని నేనే సంతకం పెట్టాను. ఓపెనింగ్ రోజు రాత్రి ఏడున్నరకి హాలు నిండింది. మాస్టర్ ఉలవచారుకి పోపు పెట్టాడు. గుప్పెడు ఎండుమిర్చి నూనెలో పడగానే దగ్గరి టేబుల్ మీద ఒక పాపకి పొలమారింది, తర్వాత వాళ్ళ తాతగారికి, తర్వాత వరసగా అందరికీ. ఎగ్జాస్ట్ స్పీడు పెంచమన్నాను. పెంచగానే ఇంకో సమస్య మొదలైంది. లోపలికి రావాలంటే మెయిన్ డోర్ రెండు చేతులతో లాగాల్సి వచ్చింది, సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది, టాయిలెట్ల వాసన హాల్లోకి వచ్చేస్తోంది. ఫ్యాను గదిలోంచి గాలిని బయటికి తోడేస్తోంది, ఆ లోటు పూడ్చడానికి సరైన దారి లేక గాలి దొరికిన ప్రతి కన్నంలోంచీ లోపలికి వస్తోంది. ఆ రాత్రి ఆ పాప కళ్ళు ఎర్రబడి ఏడుస్తుంటే చూశాను. అప్పట్నుంచి ఏ ఓపెన్ కిచెన్ డ్రాయింగైనా గాలి లెక్కతోనే మొదలుపెడుతున్నాను.

మన వంటకి ఇది ఇంకా ముఖ్యం. మీ ఆర్కిటెక్ట్ చూపించిన బొమ్మలకి మూలం విదేశీ రెస్టారెంట్లు. 1982లో వెస్ట్ హాలీవుడ్‌లో షెఫ్ వోల్ఫ్‌గాంగ్ పక్ తెరిచిన స్పాగో రెస్టారెంటుతో అమెరికాలో ఓపెన్ కిచెన్‌కి పేరొచ్చింది. 2003లో ఫ్రెంచ్ షెఫ్ జోయెల్ రొబుషాన్ టోక్యోలో, పారిస్‌లో తెరిచిన ‘లాతెలియే’ రెస్టారెంట్లలో అతిథుల్ని కౌంటరు చుట్టూ కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళముందే వంట ముగించి ప్లేటు పెట్టారు. అక్కడ నూనెలో ఎండుమిర్చి వేయించే పని లేదు. ఇక మనకి ఓపెన్ కిచెన్ కొత్తా అంటే, కాదు. టిఫిన్ బండి దగ్గర దోసె మాస్టర్ పెనం మీద నీళ్ళు చల్లి పిండి తిప్పడం, రంజాన్ నెలలో రోడ్డు పక్క బట్టీ మీద హలీం దంచడం చూస్తూ నిలబడి తిన్నవాళ్ళమే. కాకపోతే అవన్నీ ఆరుబయట వంటలు. ఏసీ హాల్లో నాలుగు గోడల మధ్య అదే పని చేయాలంటే పొగకి దారి మనమే కట్టాలి.

లెక్క చూద్దాం. గాలిని సీఎఫ్‌ఎంలో కొలుస్తారు, అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగులు అని. పెద్ద మంట మీద వంట చేసే చోట, గోడకి ఆనించిన హుడ్‌కి అడుగు పొడవుకి 400 సీఎఫ్‌ఎం, నాలుగు వైపులా తెరిచి ఉన్న ఐలాండ్ హుడ్‌కి అడుగుకి 600 సీఎఫ్‌ఎం కావాలని అమెరికా మెకానికల్ కోడ్ చెబుతుంది. నేను మొదటి అంచనాకి దీన్నే వాడతాను. మీ పొయ్యిల వరస 14 అడుగులు. హుడ్ రెండు పక్కలా ఆరేసి అంగుళాలు బయటికి రావాలి కాబట్టి 15 అడుగులు. గోడకైతే 6,000 సీఎఫ్‌ఎం, ఐలాండ్‌కైతే 9,000. అంటే ఐలాండ్ అన్న ఒక్క మాటకి ఫ్యాను, డక్ట్ (పొగని బయటికి మోసే రేకు గొట్టం), కరెంటు బిల్లు అన్నీ ఒకటిన్నర రెట్లు. పైగా ఐలాండ్ చుట్టూ మనుషులు తిరుగుతుంటే, ఏసీ గాలి పక్కనుంచి తగులుతుంటే పొగ హుడ్‌లోకి పోకుండా చెదిరిపోతుంది. నేల నుంచి ఆరున్నర, ఏడడుగుల ఎత్తులో 15 అడుగుల హుడ్ హాలు మధ్య వేలాడితే ఈ చివర కూర్చున్నవాళ్ళకి ఆ చివర కనపడదు. 3డీ బొమ్మలో హుడ్‌ని పైకి జరిపి గీస్తారు కాబట్టి ఈ సంగతి తెలియదు.

ఇప్పుడు 6,000 సీఎఫ్‌ఎం బయటికి పోతోందంటే అంత గాలీ ఎక్కడినుంచో రావాలి. లోపలికి తెచ్చే మెషిన్ లేకపోతే అదంతా డైనింగ్ హాల్లోంచే పోతుంది, అంటే మీరు డబ్బు పెట్టి చల్లబరిచిన గాలి. మే నెలలో బయట 41 డిగ్రీలున్న గాలిని 24 డిగ్రీలకి తేవాలంటే, 6,000 సీఎఫ్‌ఎంకి 16 టన్నుల పైన ఏసీ దీనికే పోతుంది. అదే 4,800 సీఎఫ్‌ఎం, అంటే 80 శాతం, బయటినుంచి నేరుగా కిచెన్‌లోకి తెచ్చి, మిగిలిన 1,200 మాత్రం హాల్లోంచి లాగితే మూడు టన్నుల పైచిలుకుతో సరిపోతుంది. ఈ 1,200 మాత్రం ఖచ్చితంగా కావాలి. హాల్లోంచి కిచెన్‌లోకి నెమ్మదిగా గాలి నడుస్తూ ఉంటేనే ఘాటు ఇవతలికి రాదు. కిచెన్ తెరిచిన భాగం 12 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు ఉంటే గాలి నిమిషానికి 33 అడుగుల వేగంతో లోపలికి పోతుంది. దాన్నే 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తుకి తెరిచారనుకోండి, వేగం నిమిషానికి 12 అడుగులకి పడిపోతుంది. ఎవరైనా పక్కనుంచి నడిస్తే చాలు, ఘాటు తిరిగొస్తుంది. అందుకే పాస్ మీద, అంటే ప్లేట్లు అందించే కౌంటరు మీద, పైనుంచి సీలింగ్‌ని కిందికి దించి ఒక నుదురులా కట్టిస్తాను. చూడ్డానికి అది నాటకం స్టేజీకి కట్టిన చట్రంలా ఉంటుంది, పొగకి అడ్డుగోడగా కూడా పనిచేస్తుంది.

హైదరాబాద్‌లో మీకొక అదృష్టం ఉంది. ఇక్కడి ఎండాకాలం పొడిగా ఉంటుంది కాబట్టి కిచెన్‌కి తెచ్చే గాలిని తడి ప్యాడ్ల మీదుగా లాగితే ఏసీ లేకుండానే బాగా చల్లబడుతుంది. మీ గుంటూరు, విజయవాడల్లో ఉక్కపోత రోజుల్లో ఇది అంతగా పనిచేయదు.

డక్ట్ దగ్గర ఒక మాట. ఏసీ డక్ట్ చేసేవాళ్ళతోనే కిచెన్ డక్ట్ కూడా చేయించేస్తారు. పల్చటి జీఐ (జింకు పూత) రేకు, మడతపెట్టిన జాయింట్లు. ఆరు నెలల్లో ఆ జాయింట్లలోంచి నూనె కారి ఫాల్స్ సీలింగ్ మీద మరకలు పడతాయి. మరకలతో ఆగితే మంచిదే, లోపల పేరుకున్న నూనెకి నిప్పంటుకుంటే డక్టే పొయ్యి అవుతుంది. 16 గేజి మైల్డ్ స్టీలు, జాయింట్లన్నీ వెల్డింగు, అడ్డంగా వెళ్ళే చోట 12 అడుగులకొకటి చొప్పున క్లీనింగ్ డోరు, ఇవి కొటేషన్‌లో రాయించుకోండి. చుట్టుపక్కల ఇళ్ళున్న చోటు కాబట్టి డక్ట్ చివర పొగ, నూనె, వాసన పట్టే యూనిట్ కూడా తప్పదు. దానికి, ఫ్యానుకి టెర్రస్ మీద చోటు కావాలి. మీది గ్రౌండ్ ఫ్లోరు కాబట్టి పై అంతస్తుల మీదుగా డక్ట్ తీసుకెళ్ళడానికి బిల్డింగ్ ఓనరు అనుమతి లీజు అగ్రిమెంట్‌లో రాతపూర్వకంగా ఉందా? ఈ రోజే చూడండి. అది లేకపోతే మిగతా చర్చ అంతా వృథా.

ఇప్పుడు డిజైన్‌కి వద్దాం. నా సలహా ఇది: మంటని గోడకి పంపండి, చేతిపనిని ముందుకి తెండి. పెద్ద పొయ్యిలు, మూకుళ్ళు, నూనెలో వేయించే పని వెనక గోడకి. ముందు కౌంటరు మీద విస్తరి సర్దడం, పొడులు, నెయ్యి వడ్డన, పూర్ణాలు చుట్టడం, పచ్చడి రోలు. మాస్టర్లు గోడకి తిరిగి వండితే అతిథికి వీపులే కనపడతాయని మీ ఆర్కిటెక్ట్ అనవచ్చు. నిజమే. అందుకని పొయ్యిల వరసని ‘ఎల్’ ఆకారంలో వంచి, పోపు పొయ్యిని, పెసరట్టు పెనాన్ని పక్క గోడకి పెడతాను. అప్పుడు మాస్టర్ పక్కనుంచి కనపడతాడు. మొహం, చెయ్యి, అట్లకాడ, పెనం మీద అల్లం, పచ్చిమిర్చి చల్లడం అన్నీ ఒకే చూపులో అందుతాయి. ఎదురుగా నిలబెట్టినప్పటికంటే ఇదే బాగుంటుంది, ఎందుకంటే ఎదురుగా ఉంటే మనిషి మొహమే కనపడుతుంది, పెనం కనపడదు.

ఏది చూపించకూడదో కూడా ముందే రాసుకోవాలి. మాంసం కొట్టడం, చేపలు శుభ్రం చేయడం, గ్రైండర్లు, గిన్నెలు తోమడం, బియ్యం బస్తాలు ఇవన్నీ వెనక కిచెన్‌లో ఉండాలి. ఎంగిలి ప్లేట్లు పాస్ ముందునుంచి ఎప్పుడూ వెళ్ళకూడదు, వాటికి వేరే తలుపు. మీ డ్రాయింగ్‌లో రెండూ ఒకే తలుపులోంచి ఉన్నాయి. దీని కోసం నాలుగు సీట్లు పోయినా సరే, మార్చండి.

సీట్ల సంగతి. 4,200లో వెనక కిచెన్, స్టోరు, గిన్నెలు తోమే చోటుతో కలిపి కిచెన్‌కి 1,450 దాకా పోతుంది. టాయిలెట్లు, వెయిటింగ్, క్యాషు తీసేస్తే హాలుకి 2,100 మిగులుతుంది. ఖరీదైన రెస్టారెంటుకి మనిషికి 18 నుంచి 20 చదరపు అడుగులని పుస్తకాల్లో ఉంటుంది. మీకు నేను 25 చెబుతాను, అంటే 84 సీట్లు. ఎందుకంటే మన భోజనం టేబుల్‌ని పొడుగ్గా, అడ్డంగా ఆక్రమిస్తుంది. అరిటాకు వేస్తే మనిషికి రెండడుగులు దాటుతుంది. దాని పక్కన మజ్జిగ గ్లాసు, నెయ్యి గిన్నె, వడ్డించేవాళ్ళ చెయ్యి. ఇద్దరికి రెండడుగుల చదరపు టేబుల్ అంటే మనవాళ్ళు మోచేతులు ముడుచుకుని తినాలి. ఇద్దరికి కనీసం 36 అంగుళాల చదరం వేయండి. 110 సీట్ల ఆదాయం లెక్కేసుకుని ఉంటారు, కష్టంగా ఉంటుందని తెలుసు. కానీ ఆ ధరకి ఇరుకులో కూర్చున్న కుటుంబం రెండోసారి రాదు.

చేత్తో తినడం పెద్ద రెస్టారెంటుకి తగదేమోనన్న బెంగ మీ ప్రశ్నలో కనపడింది. అది వదిలేయండి. ఢిల్లీలో ఐటీసీ మౌర్య హోటల్లోని బుఖారా రెస్టారెంటు 1970ల చివరి నుంచీ నడుస్తోంది. రాతి గోడలు, పొట్టి చెక్క స్టూళ్ళు, అద్దం వెనక తందూర్లు, మెడకి గళ్ళ గుడ్డ కట్టుకుని చేత్తో తినడం. దేశాధినేతలు కూడా అక్కడ అలాగే తిన్నారు. చేత్తో తినే చోట డిజైనర్ చేయాల్సిన పని చేతులు కడుక్కునే చోటుని గౌరవంగా కట్టడం. దాన్ని టాయిలెట్ తలుపు పక్కన ఇరికించకండి. హాలు నుంచి నాలుగడుగుల వెడల్పు దారి, పెద్ద రాతి తొట్టి, పిల్లలకి ఒక తక్కువ ఎత్తు కుళాయి, పక్కన శుభ్రమైన తువ్వాళ్ళు. భోజనం అయ్యాక మనిషి చివరగా గుర్తుపెట్టుకునే చోటు అదే.

అద్దం పెట్టాలా, పూర్తిగా తెరవాలా అని అందరూ అడుగుతారు. మీ వంటలకి సగం సగం. పోపు, వేపుళ్ళ వరసకి 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ అద్దం, ప్లేట్లు సర్దే చోట తెరిచి ఉంచాలి. అద్దం ఉందని ఎగ్జాస్ట్ తగ్గించకండి. పొయ్యికీ అద్దానికీ మధ్య మనిషి నిలబడి తుడిచేంత చోటు, కనీసం రెండడుగులు, వదలండి. లేకపోతే రెండు వారాల్లో లోపలివైపు జిడ్డు పొర పడుతుంది, ఎవరూ అందుకోలేరు. పాస్ కౌంటరు 36 అంగుళాల ఎత్తు, దాని ముందు అతిథి వైపు ఇంకో 8 అంగుళాల పట్టీ లేపండి. కుర్చీలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటుంది. ఆ పట్టీ వెనక గిన్నెలు, తడి గుడ్డలు దాగిపోతాయి, చేతుల కదలిక మాత్రం కనపడుతుంది.

శబ్దం గురించి మీరు అడగలేదు, మీ ఆర్కిటెక్ట్ కూడా ఏమీ రాయలేదు. బొమ్మలో నేల రాయి, సీలింగ్ కాంక్రీటు, ఎదురు గోడ అద్దం. మీ హాలు 2,100 చదరపు అడుగులు, 11 అడుగుల ఎత్తు. గదిలో శబ్దం ఎంతసేపు నిలుస్తుందో చెప్పే సబైన్ సూత్రంతో సుమారు లెక్క వేశాను. అన్నీ గట్టి ఉపరితలాలే అయితే 84 మంది కూర్చున్నా శబ్దం చావడానికి 1.7 సెకన్లు పడుతుంది. అంత సేపు ప్రతి గరిటె చప్పుడూ, ప్రతి మాటా హాల్లో తిరుగుతూనే ఉంటుంది. వినపడక ఒకరు గొంతు పెంచుతారు, పక్క టేబుల్ వాళ్ళు ఇంకాస్త పెంచుతారు. సీలింగ్‌లో సగానికి కాస్త పైన, అంటే 1,100 చదరపు అడుగుల మేర శబ్దాన్ని పీల్చే ప్యానెళ్ళు వేస్తే అది 0.75 సెకన్లకి దిగుతుంది. అప్పుడు కిచెన్‌లోంచి పెనం చుయ్ మనడం వినపడుతుంది, మీ అమ్మానాన్నల మాటా వినపడుతుంది.

ఆ ప్యానెళ్ళకి పోచంపల్లి ఇక్కత్ బట్ట కట్టాలని మీరు అనుకోవడం నాకు చాలా నచ్చింది. ఒక్క పరీక్ష చేయండి. బట్టని నోటికి ఆనించి ఊదండి. గాలి సులువుగా అవతలికి వెళితే శబ్దమూ వెళుతుంది, వెనకున్న పదార్థం దాన్ని పీల్చుకుంటుంది. వెళ్ళకపోతే, లేదా బట్ట వెనక ఫెవికాల్ పూసి అంటించేస్తే, అది ఉత్త అలంకారమే. బట్ట ప్యానెళ్ళని కిచెన్ నోటికి 12, 15 అడుగుల దూరంలోనే మొదలుపెట్టండి, విప్పి ఉతకడానికి వీలుగా ఫ్రేములకి కట్టించండి. కిచెన్ దగ్గర తుడవగలిగే రకం చిల్లుల ప్యానెళ్ళు వేసుకోవచ్చు.

లైట్లు. లైటు రంగుని కెల్విన్‌లో కొలుస్తారు, అంకె పెరిగేకొద్దీ తెల్లబడుతుంది. హాల్లో 2700 కెల్విన్, కిచెన్‌లో 3000. అంతకంటే తెల్లటి లైటు కిచెన్‌లో పెడితే పసుపురంగు హాలు చివర నీలం పెట్టె వెలుగుతున్నట్టుంటుంది. వెలుగు వంట చేసే కౌంటరు మీద 500 లక్స్, భోజనం టేబుల్ మీద 100 నుంచి 150 చాలు. రంగులు ఎంత సహజంగా కనపడతాయో చెప్పే సీఆర్‌ఐ అంకె 90 పైన ఉండాలి, ఎరుపు రంగు ఎంత నిజంగా కనపడుతుందో చెప్పే ఆర్9 అంకె 50కి తగ్గకూడదు. మన భోజనమంతా ఎరుపులే. ఆవకాయ, చేపల పులుసు, కారప్పొడి. ఆర్9 తక్కువున్న లైటు కింద ఆవకాయ గోధుమరంగు ముద్దలా కనపడుతుంది. షాపులో లైటు కొనే ముందు ఇంటి ఆవకాయ ఒక గిన్నెలో తీసుకెళ్ళి దాని కింద పెట్టి చూడండి. నేను ప్రతిసారీ అలాగే చేస్తాను. ఇంకోటి, ప్రతి కుర్చీలో కూర్చుని కిచెన్ వైపు చూడండి. ఏ కుర్చీలోంచైనా బల్బు నేరుగా కంట్లో పడుతుంటే దాన్ని తిప్పాలి. స్టీలు మీద పడి తిరిగొచ్చే మెరుపు కూడా అంతే.

రాళ్ళ విషయంలో మీరు తాండూరు, కడప రాయి అడిగారు. మన నేల రాళ్ళు వాడాలన్న మీ పట్టుదల మంచిదే, కానీ చోటు చూసి వేయండి. రెండూ సున్నపురాయి జాతివే, పులుపు పడితే పాలిష్ తినేస్తుంది. మీ మెనూలో ప్రతిదాంట్లో చింతపండో నిమ్మకాయో ఉంది. వీటిని గోడలకి, వరండాకి, వెయిటింగ్ హాలుకి వాడండి. టేబుల్ పైకి, పాస్ కౌంటరుకి గ్రానైట్ వేయండి. ప్రకాశం జిల్లా చీమకుర్తి గెలాక్సీ ఉంది కదా, నల్లటి రాయిలో ఇత్తడి రంగు చుక్కలు. దాన్ని అద్దంలా పాలిష్ చేయించకుండా గరుకుగా ఉంచితే లైటు కొట్టదు, ఆకుపచ్చటి అరిటాకు దాని మీద ఎంత బాగుంటుందో చెప్పలేను. పెంబర్తి ఇత్తడి పని కిచెన్ హుడ్ మీద వద్దు, వేడికి, నూనెకి రోజూ నల్లబడుతుంది. ప్రవేశ ద్వారం దగ్గర, చేతికి అందే ఎత్తులో పెట్టండి. ఏటికొప్పాక లక్క పిడులు టాయిలెట్, స్టోర్ తలుపులకి వాడొచ్చు. ఇక్కత్, పెంబర్తి, ఏటికొప్పాక, ఈ మూడు చాలు. అన్ని కళలూ ఒకే హాల్లో పెడితే ఎగ్జిబిషన్ అవుతుంది.

స్టీలు 304 గ్రేడే తీసుకోండి. అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి 304 అని ఫ్యాబ్రికేటర్ చూపిస్తాడు. నమ్మకండి, చవకైన 202కి కూడా అయస్కాంతం మామూలుగా అంటుకోదు. స్టీలు గ్రేడు తేల్చే టెస్టింగ్ డ్రాప్స్ దొరుకుతాయి, రేకు మీద చుక్క వేసి మీ ముందే చూపించమనండి. ఉప్పు, చింతపండు నీళ్ళు రోజూ పడే చోట 202 తుప్పు చుక్కలు వేస్తుంది, ఓపెన్ కిచెన్‌లో ఆ చుక్కలు అందరికీ కనపడతాయి.

గ్యాస్ విషయం క్లుప్తంగా. కమర్షియల్ సిలిండరు 19 కిలోలు. ఐదు పెడితే 95 కిలోలు, ఆరోది పెడితే 100 దాటి లైసెన్సు కావాలి. గ్యాస్ బ్యాంకు ఎక్కడ పెట్టాలో ఇంటీరియర్ మొదలవకముందే తేల్చండి. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి లీకు డిటెక్టరు నేల నుంచి అడుగు ఎత్తు లోపే ఉండాలి. దాన్ని సీలింగ్‌కి బిగించినవాళ్ళని చూశాను. హుడ్ కింద నూనె మంటలు ఆర్పే వెట్ కెమికల్ సిస్టమ్, అది పనిచేయగానే గ్యాస్ దానంతటదే ఆగిపోయే వాల్వు. ఇక్కడ ఒక్క రూపాయి తగ్గించకండి.

నాకు అన్నిటికంటే ముఖ్యమైనది వండేవాళ్ళ సంగతి. మూసిన కిచెన్‌లో మాస్టర్ చెమట తుడుచుకుంటాడు, ఒక నిమిషం గోడకి ఆనుకుంటాడు, నీళ్ళు తాగుతాడు. ఓపెన్ కిచెన్‌లో పది గంటలు అతని మీద 84 జతల కళ్ళుంటాయి. అతనికి కనపడని చోట రెండడుగుల మూల ఒకటి కట్టండి. స్టూలు, నీళ్ళు, ఫ్యాను, ఫోను పెట్టుకునే అర. బయటినుంచి తెచ్చే గాలి అతని ఛాతీ ముందు నెమ్మదిగా దిగేలా పెట్టించండి, వీపు మీద కొట్టేలా కాదు. ఇద్దరు ఒకరికొకరు వీపు తిప్పి పనిచేసే చోట నాలుగడుగుల దారి ఉండాలి. మీ డ్రాయింగ్‌లో మూడుంది. మరిగే నూనె మూకుడు పట్టుకుని ఆ మూడడుగుల్లో తిరగమనడం అన్యాయం.

వచ్చే వారం మీరు చేయాల్సింది ఒకటుంది. హాలు ఇంకా ఖాళీగానే ఉందన్నారు కాబట్టి, కిచెన్ ప్లాన్‌ని ముగ్గుపిండితో అసలు కొలతల్లో నేల మీద గీయండి. పొయ్యిలు, పెనం, ఫ్రిజ్, పాస్, తలుపులు అన్నీ. మీ అమ్మగారిని, ఇద్దరు మాస్టర్లని తీసుకొచ్చి ఖాళీ గిన్నెలతో రాత్రి ఎనిమిది గంటల రద్దీని ఆడించండి. ఒకరు పోపు, ఒకరు పెసరట్టు, ఆవిడ విస్తరి. ఒక ప్రాజెక్టులో ఇలా చేసినప్పుడు ఓనరు తల్లిగారు ముగ్గు గీతల మధ్య నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి, “ఉప్పు డబ్బా అంత దూరంలో పెట్టారేంటి బాబూ, నా చెయ్యి ఇక్కడికే వస్తుంది” అని గాల్లో చెయ్యి చాపి చూపించారు. మేం ఆ చెయ్యి ఆగిన చోట ముగ్గుతో చుక్క పెట్టి, షెల్ఫ్ అక్కడికి జరిపాం. 3డీ బొమ్మ ఎంత చూసినా అది తెలిసేది కాదు.

ఆఖరి పరీక్ష ఫాల్స్ సీలింగ్ మూసేముందు. హుడ్, ఎగ్జాస్ట్, గాలి తెచ్చే మెషిన్, హాల్లో ఏసీ అన్నీ ఒకేసారి వేయించండి. పాస్ దగ్గర అగరుబత్తి వెలిగించి పట్టుకోండి, పొగ కిచెన్ వైపు వంగాలి. ఎడమ చివర, మధ్యన, కుడి చివర మూడు చోట్లా చూడండి. తర్వాత పెద్ద మూకుట్లో నూనె కాచి పావుకిలో గుంటూరు మిర్చి వేయించండి. కిచెన్‌కి దగ్గరి టేబుల్ పడే చోట కుర్చీ వేసి మీ అమ్మగారిని కూర్చోబెట్టండి. ఆవిడకి ఘాటు అలవాటే కాబట్టి, పక్కన మీ పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. పది నిమిషాల్లో ఒక్కరు దగ్గినా డక్ట్ వాళ్ళని నిచ్చెన దిగనివ్వకండి. లీజులో టెర్రస్ అనుమతి సంగతి, సవరించిన ప్లాన్ వచ్చాక రాయండి, సీటింగ్ మీతో కలిసి చూస్తాను.